గడపా, మైకా, సభా? చేతిలో ఉన్న వారం రోజులు దేనికి పెట్టాలి

మా చిన్నాన్న సర్పంచిగా నిలబడ్డప్పుడు ఖర్చుల నోటుబుక్కు నా చేతికిచ్చారు. మొదటి రెండు రోజుల పద్దులో ఉన్నవి ఇవీ: ఫ్లెక్సీలు, డప్పులు, రెండు ట్రాక్టర్ల డీజిల్, నలభై మందికి టిఫిన్లు. ర్యాలీ ఊరంతా మూడుసార్లు చుట్టింది. మూడో రోజు పొద్దున కాలనీ చివరింట్లో పొయ్యి ఊదుకుంటున్న ముసలావిడ తలెత్తి, "ఇంతకీ నీ గుర్తేంది నాయనా?" అంది. అప్పటికి పెట్టాల్సిన డబ్బులో మూడో వంతు అయిపోయింది.

వార్డు మెంబరుగానో, సర్పంచిగానో, కౌన్సిలర్‌గానో మొదటిసారి నిలబడుతున్నవాళ్లకీ, వాళ్ల వెనక తిరిగే అన్నదమ్ములకీ, బావమరుదులకీ పనికొస్తుందని ప్రచార పద్ధతులను పోల్చి ఇది రాస్తున్నాను. ఎమ్మెల్యే స్థాయి వాళ్లకీ కొంత ఉంది. డబ్బు, మద్యం పంపిణీని ఈ పోలికలోకి తేలేదు. అది నేరం, దాని సంగతి తెలిసినవాళ్లకు నా సలహా అక్కర్లేదు.

ముందు లెక్క

ఏ పద్ధతి మంచిదని అడిగే ముందు కాగితం మీద భాగహారం చేయాలి: ఎన్ని ఇళ్లు, ఎన్ని రోజులు?

2025 డిసెంబర్‌లో తెలంగాణ పంచాయతీ ఎన్నికల మొదటి విడత చూడండి. నామినేషన్ల ఉపసంహరణ 3న ముగిసింది, పోలింగ్ 11న. గుర్తు చేతికొచ్చాక మిగిలింది వారం. 1,700 ఓట్లున్న ఊళ్లో సుమారు 500 ఇళ్లుంటాయి. మనుషులు ఇంటి దగ్గర దొరికేది పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, మళ్లీ సాయంత్రం అయిదున్నర నుంచి తొమ్మిది దాకా. అంటే ఆరున్నర గంటలు. గడపకు నాలుగు నిమిషాలు, నడకకు ఒక నిమిషం వేసుకుంటే రోజుకు 75 ఇళ్లు. ఏడు రోజులకు 525. ఊరు సరిగ్గా పూర్తవుతుంది, ఒక్క రోజు కూడా మిగలదు. ర్యాలీకి రెండు రోజులు ఇచ్చారంటే 150 ఇళ్లు వదిలేసినట్టే.

ఇదే లెక్క అసెంబ్లీకి వేయండి. రెండుంపావు లక్షల ఓట్లు, 65 వేల పైచిలుకు ఇళ్లు. రోజుకు 75 చొప్పున ఒక్క మనిషి తిరిగితే దాదాపు రెండున్నరేళ్లు పడుతుంది. పెద్ద నాయకులు పాదయాత్రలు చేయడానికి, రథాలు ఎక్కడానికి అసలు కారణం ఈ లెక్కే. గడపలు లెక్కకు అందని చోట పుట్టిన పద్ధతులవి. గడపలు అందే చోట వాటిని చూసి చేస్తే, ఏనుగుకు వేసే అంబారీ మేక మీద వేసినట్టుంటుంది.

లెక్క తర్వాత చూడాల్సినవి మూడు. మీ ఓటరు ఊళ్లో ఉన్నాడా, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నాడా? మీ గుర్తు జనానికి ముందే తెలుసా, కొత్తగా నేర్పాలా? ఆ రోజు తిరిగొచ్చాక మీ చేతిలో ఏం మిగిలింది, ఫొటోలా, పేర్లా? నా దృష్టిలో మూడోది అన్నిటికంటే ముఖ్యం, కానీ ఎవరూ అడగనిది కూడా అదే.

| పద్ధతి | ఎవరిని చేరుతుంది | ఓటరు నోరు విప్పుతాడా | ఖర్చు | చేతిలో మిగిలేది |
|---|---|---|---|---|
| ఇంటింటికీ తిరగడం | రోజుకు 70–80 ఇళ్లు | విప్పుతాడు | టీ, చెప్పులు | గుర్తులు పెట్టిన ఓటరు జాబితా |
| పాదయాత్ర | దారి పొడవునా ఊళ్లు | కొంతవరకు | చాలా ఎక్కువ | సమస్యల చిట్టా, పేరు |
| రోడ్ షో | రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లు | లేదు | ఎక్కువ | వీడియోలు |
| బహిరంగ సభ | ఎక్కువగా మనవాళ్లే | లేదు | అన్నిటికంటే ఎక్కువ | కార్యకర్తలకు హుషారు |
| మైకు ఆటో | ఊరంతా | లేదు | తక్కువ | గుర్తు చెవిలో పడటం |
| ఫోన్, వాట్సాప్ | ఊరు దాటినవాళ్లు | ఫోన్లో విప్పుతాడు, గ్రూపులో కాదు | నామమాత్రం | ఎవరు వస్తారో తెలియడం |

ఇంటింటికీ తిరగడం

దీని మీద గట్టి ప్రయోగమే జరిగింది. 1998లో అమెరికాలోని న్యూ హేవెన్ పట్టణంలో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఓటర్లను చీటీ తీసినట్టు గుంపులుగా విడగొట్టారు. కొందరి ఇంటికి మనుషుల్ని పంపారు, కొందరికి ఉత్తరాలు వేశారు, కొందరికి ఫోన్లు చేయించారు. మనిషి ఎదురుగా వచ్చి అడిగిన ఇళ్లలో పోలింగ్ స్పష్టంగా పెరిగింది. ఉత్తరాలతో కొంచెమే కదిలింది, కూలికి చేయించిన ఫోన్లతో అసలేం కదల్లేదు. అక్కడ కొలిచింది ఓటు వేయడానికి బయల్దేరారా లేదా అన్నదే. ఎవరికి వేశారన్నది కాదు. గడప తొక్కినంత మాత్రాన మనసు మారిపోతుందని ఆ ప్రయోగం చెప్పలేదు, నేనూ చెప్పను.

మన పార్టీలకు ఇది కొత్త కాదు. బీజేపీ ఓటరు జాబితాలో ఒక్కో పేజీకి ఒకర్ని పెట్టి పన్నా ప్రముఖ్ అంటుంది. వైఎస్సార్‌సీపీ 2022లో 'గడప గడపకు మన ప్రభుత్వం' అని ఎమ్మెల్యేలను ఇళ్లకు పంపి, తర్వాత గృహసారథులను పెట్టింది. తెలుగుదేశం కుటుంబ సాధికార సారథులను పెట్టింది. అన్ని పార్టీలూ చివరికి ఓటరు జాబితా దగ్గరికే చేరాయి.

తిరిగే తీరు గురించి మాత్రం చెప్పాల్సింది చాలా ఉంది.

ఓటరు జాబితాలో పక్కపక్క ఇళ్లు చాలాసార్లు ఒకచోట ఉండవు. ముందు దాన్ని బజారు వారీగా, ఇంటి నంబర్ల వారీగా తిరగరాసుకోండి. పోయినవాళ్లను, పెళ్లై వెళ్లిపోయినవాళ్లను, వలస వెళ్లినవాళ్లను వేరు చేయండి. మా ఊళ్లో ఈ పనికి ఒక రాత్రి పట్టింది. పదో తరగతి చదివే ఇద్దరు పిల్లలు, ప్రతి ఇంటి పుట్టుపూర్వోత్తరాలు తెలిసిన మా నాయనమ్మ కూర్చుని చేశారు. ఆధార్ కార్డుకైనా తెలియని సంగతులు ఆవిడకు తెలుసు.

ఇరవై మందితో వెళ్లకండి. గుమ్మంలో గుంపు నిలబడితే ఇంటావిడ లోపలికే పోతుంది. ఇద్దరు చాలు: అభ్యర్థి, ఆ వీధికి చెందిన మనిషి ఒకరు. వీలైతే ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి కావాలి. పత్తి ఏరే రోజుల్లో ఆరున్నరకే కూలి ఆటో కదిలిపోతుంది. అప్పుడు ఇళ్లకు వెళ్లి లాభం లేదు, ఆటో ఎక్కే చోటికే వెళ్లి నిలబడాలి.

ఇక అసలు చిక్కు. "ఈసారి మాకే వెయ్యాలి పెద్దమ్మా" అంటే అందరూ "మీకే, మీకు కాక ఇంకెవరికి" అంటారు. ఆ మాట పట్టుకుని జాబితాలో టిక్కులు కొట్టుకుంటూ పోతే లెక్కింపు రోజు కళ్లు తిరుగుతాయి. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, నవ్వి, ఏమీ అడగకుండా పంపేసిన ఇల్లు అనుమానం. పింఛను రాలేదని, మోరీ నిండిందని, నల్లా రెండు రోజులకోసారి వస్తోందని గొడవ పెట్టుకున్న ఇల్లు ఇంకా మీతో బేరమాడుతున్న ఇల్లు. నేను పెన్సిల్‌తో మూడు గుర్తులు పెట్టేవాణ్ని: మనవాళ్లకు టిక్కు, తేలనివాళ్లకు సున్నా, అవతలివాళ్లకు గీత. రెండో విడత సున్నా ఇళ్లకే. గీత పెట్టిన వీధికి కూడా ఒకసారి వెళ్లాల్సిందే, మర్యాదకు. గెలిస్తే వాళ్లకీ మీరే సర్పంచి.

ఈ జాబితా అక్కరకొచ్చేది పోలింగ్ రోజున. పోలింగ్ సగం గడిచేసరికి మీ టిక్కు ఇళ్లలో ఇంకా ఎవరు రాలేదో ఏజెంటు దగ్గర్నుంచి తెలుసుకుని, మనిషిని పంపి గుర్తుచేయగలరు. బండి పెట్టి తీసుకురావడం మాత్రం చట్టం ఒప్పుకోదు. ఓటర్లను వాహనాల్లో తరలించడం ఎన్నికల అక్రమం కిందికి వస్తుంది, గెలిచినా కోర్టుకు లాగుతారు. ఒక ఇల్లు, రెండిళ్లతో ఏమవుతుందిలే అనుకునేవాళ్ల కోసం: 2019లో విజయవాడ సెంట్రల్ అసెంబ్లీ స్థానం 25 ఓట్ల తేడాతో తేలింది. అది అసెంబ్లీ. పంచాయతీల్లో అయితే ఒక్క ఓటుతో తారుమారైన ఊళ్లుంటాయి.

పాదయాత్ర

తెలుగు నేల మీద దీనికున్న పేరు ఇంకే పద్ధతికీ లేదు. 2003 ఏప్రిల్‌లో వైఎస్ రాజశేఖరరెడ్డి చేవెళ్లలో బయల్దేరి ఇచ్ఛాపురం దాకా సుమారు 1,500 కిలోమీటర్లు నడిచారు, 2004లో ముఖ్యమంత్రి అయ్యారు. చంద్రబాబు నాయుడు 2012 అక్టోబర్ 2న హిందూపురంలో మొదలుపెట్టి 2,800 కిలోమీటర్లకు పైగా నడిచారు, 2014లో గెలిచారు. జగన్మోహన్‌రెడ్డి 341 రోజుల్లో 3,648 కిలోమీటర్లు నడిచి 2019లో 175కి 151 గెలిచారు. లోకేశ్ 2023లో కుప్పం నుంచి 226 రోజులు, 3,132 కిలోమీటర్లు నడిచారు, 2024లో తెలుగుదేశం కూటమికి 164 వచ్చాయి. తెలంగాణలో భట్టి విక్రమార్క 2023లో పిప్రి నుంచి ఖమ్మం దాకా నడిచారు, అదే ఏడాది కాంగ్రెస్ గెలిచింది.

ఈ వరస చూసి నడిస్తే చాలు గెలుస్తామనుకునేవాళ్లకు అవతలి చిట్టా కూడా కనబడాలి. వైఎస్ షర్మిల 2021లో అదే చేవెళ్ల నుంచి తెలంగాణలో వేల కిలోమీటర్లు నడిచారు. 2023లో ఆమె పార్టీ పోటీకే దిగలేదు, తర్వాత కాంగ్రెస్‌లో కలిసిపోయింది. బండి సంజయ్ విడతలవారీగా ప్రజా సంగ్రామ యాత్ర చేశారు. 2023లో బీజేపీకి తెలంగాణలో 8 సీట్లు, కరీంనగర్ అసెంబ్లీలో ఆయనే 3,163 ఓట్లతో ఓడారు. గెలిచినవాళ్లంతా ప్రతిపక్షంలో ఉండి, జనంలో అసంతృప్తి ముదిరినప్పుడు, వెనక ఊరూరా యంత్రాంగం ఉండగా నడిచినవాళ్లు. నడక ఒక్కటే చేసిన పని ఎంతో వీటి నుంచి విడదీసి చెప్పడం కష్టం.

మంగళగిరిని దగ్గరగా చూస్తే ఇంకాస్త అర్థమవుతుంది. లోకేశ్ అక్కడ 2019లో 5,337 ఓట్లతో ఓడి, 2024లో 91 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. పాదయాత్ర రాష్ట్రానికి చేశారు, మంగళగిరిలో మాత్రం ఆ ఐదేళ్లూ తోపుడు బండ్లు, కుట్టుమిషన్లు పంచుతూ తిరిగారు. నియోజకవర్గంలో కొత్తగా దిగే అభ్యర్థి ఆ రెండోదాన్ని చూసి నేర్చుకోవాలి.

పాదయాత్ర నిజంగా ఇచ్చేది ఒకటుంది: వినే తీరిక. కరువు ఏళ్లలో కరెంటు బిల్లుల గోడు దారి పొడవునా విన్నాక, 2004 మే 14న ప్రమాణస్వీకార వేదిక మీద రాజశేఖరరెడ్డి మొదటి సంతకం ఉచిత విద్యుత్ ఫైలు మీదే పెట్టారు. అలా వినాలంటే నెలలు కావాలి. మీ దగ్గరున్నది వారమైతే ఈ దారి మూసేసి ఉన్నట్టే లెక్క. ఊళ్లో చేసే 'పాదయాత్ర' అనేది ఇంటింటి ప్రచారానికి పెట్టిన పెద్ద పేరు, అంతే.

రోడ్ షో

ఎన్టీఆర్ పాత షెవ్రొలే వ్యాన్‌ను చైతన్య రథంగా మార్చి ఊళ్ల మీదకు తీసుకెళ్లినప్పుడు తెలుగుదేశం పుట్టి ఏడాది కూడా కాలేదు. 1983 జనవరిలో 294కి 200 దాటి గెలిచారు. పార్టీకి ఊళ్లలో వేళ్లు లేనప్పుడు, నాయకుడి ముఖం మాత్రం ప్రతి ఇంటికీ తెలిసినప్పుడు, రథానికి మించింది లేదు. ముఖం ఇంకా ఎవరికీ తెలియని అభ్యర్థి బండెక్కి చేతులూపితే జనం పక్కవాణ్ని "ఎవర్రా?" అని అడుగుతారు.

ఇరుకు సందుల్లో జనాన్ని పోగేయడం ప్రమాదం కూడా. 2022 డిసెంబర్ 28న కందుకూరులో రోడ్డు మీది సభలో తొక్కిసలాట జరిగి ఎనిమిది మంది చనిపోయారు. ఆ వెంటనే అప్పటి ఏపీ ప్రభుత్వం రోడ్ల మీద సభలను ఆపుతూ జీవో నంబర్ 1 తెచ్చింది, 2023 మేలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. జీవో పోయింది గానీ సందు వెడల్పు పెరగలేదు. అనుమతి తీసుకోండి, సందుల్లోకి బండి తీసుకెళ్లకండి.

బహిరంగ సభ

2024 ఎన్నికల ముందు వైఎస్సార్‌సీపీ నాలుగు చోట్ల 'సిద్ధం' సభలు పెట్టింది: భీమిలి, దెందులూరు, రాప్తాడు, మేదరమెట్ల. ఇసుక వేస్తే రాలనంత జనం. ఫలితాలొచ్చాక భీమిలి, దెందులూరు, రాప్తాడు, మేదరమెట్ల ఉన్న అద్దంకి, నాలుగూ ఆ పార్టీ ఓడింది, రాష్ట్రం మొత్తం మీద 11 మిగిలాయి. ఇది ఒక్క పార్టీ కథ కాదు. 2008 ఆగస్టులో తిరుపతిలో చిరంజీవి పార్టీ ప్రకటించిన సభ చూసినవాళ్లు ఇక అయిపోయిందనుకున్నారు, 2009లో ప్రజారాజ్యానికి 18 సీట్లు వచ్చాయి. కేసీఆర్ 2018లోనూ 2023లోనూ ఊపిరి సలపకుండా ప్రజా ఆశీర్వాద సభలు పెట్టారు. మొదటిసారి 88 సీట్లు, రెండోసారి 39. అదే నాయకుడు, అదే తరహా సభలు. తేడా సభల బయట ఉంది.

సభకు వచ్చేవాళ్లలో ఎక్కువ మంది మీకు ముందే ఓటు ఖాయం చేసుకున్నవాళ్లు, లేదా బస్సులో పక్క మండలం నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకు హుషారు కావాలంటే సభ పెట్టండి. సర్పంచి ఎన్నికకు మాత్రం రచ్చబండ దగ్గర పది మందితో మాట్లాడితే చాలు. పెద్ద ఊళ్లకు 2.5 లక్షలు, చిన్నవాటికి 1.5 లక్షలు అని సర్పంచి ఖర్చుకు పరిమితి ఉంది. ఒక షామియానా, ఒక సౌండ్ సిస్టమ్, ఒక పూట భోజనాలు అందులో ఎంత తింటాయో నా నోటుబుక్కు చూస్తే తెలుస్తుంది.

మైకు ఆటో

చదువుకున్నవాళ్లు చిరాకుపడతారు గానీ పంచాయతీ ఎన్నికల్లో దీనికి నేను గట్టి మద్దతుదారుణ్ని. అక్కడ పార్టీ గుర్తులుండవు. ఉంగరం, కత్తెర, ఫుట్‌బాల్ లాంటి గుర్తు మీకు పోలింగ్‌కు వారం ముందు వస్తుంది. అది ఎవరిదో ఊరికి నేర్పాలి, నేర్పడమంటే వందసార్లు వినిపించడమే. పోలిన గుర్తు పక్కన ఉంటే ఇంకా జాగ్రత్త. 2019లో భువనగిరి లోక్‌సభ స్థానంలో టీఆర్ఎస్ 5,219 ఓట్లతో ఓడింది, రోడ్డు రోలర్ గుర్తున్న అభ్యర్థికి 27 వేలకు పైగా పడ్డాయి. కారు అనుకుని నొక్కారని ఆ పార్టీ మొత్తుకుంది.

పాట రెండు నిమిషాలు దాటొద్దు, పేరు, గుర్తు మొదటి లైనులోనే రావాలి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకు నిషేధం. పదో తరగతి పరీక్షల రోజుల్లో బడి పక్కన, చావింటి ముందు ఆపేయాలని డ్రైవర్‌కు ప్రత్యేకంగా చెప్పండి. మా ఆటో ఒకసారి ఆపలేదు. ఆ వాడలో క్షమాపణలకే ఒక పూట పోయింది.

ఫోన్, వాట్సాప్

గ్రూపులో పెట్టిన పోస్టరుకు చేతులు జోడించిన బొమ్మలు పెట్టేది మీ చుట్టాలే. దాన్ని ప్రచారం అనుకోకండి. ఫోన్‌కు అసలు పని వలస ఓటరు దగ్గర. 2024 మే 13న ఏపీ పోలింగ్‌కు ముందు హైదరాబాద్ నుంచి బయల్దేరిన బస్సులు, రైళ్లు ఎలా కిక్కిరిశాయో అందరం చూశాం. ఊళ్లో పుట్టి మియాపూర్‌లో ఉంటున్న మనిషికి అభ్యర్థి మనుషులు చేసే ఫోన్ పనిచేయదు. వాళ్ల మేనమామతో చేయించాలి. "ఆదివారం రాత్రికల్లా వచ్చెయ్యిరా, పొద్దున్నే ఓటేసి, కోడి కోసుకుని తిని పోదువు" అని ఆయనంటే వస్తాడు.

మీరెవరన్నదాన్ని బట్టి

వార్డు మెంబరుకు పోలికే అక్కర్లేదు. రెండు మూడు వందల ఓట్లు, ప్రతి ఇంటికీ మూడుసార్లు వెళ్లొచ్చు. సర్పంచి అభ్యర్థి అయితే ఆరు గంటలు గడపలకు, ఒక ఆటో మైకుకు, మధ్యాహ్నం ఎండలో ఫోన్లకు. ఊరు 5 వేల ఓట్లు దాటితే ఒక్కడి వల్ల కాదు, వీధికో జంటను పంపి సున్నా పెట్టిన ఇళ్లకు మాత్రం మీరే వెళ్లండి. ఎంపీటీసీ అభ్యర్థికి పార్టీ గుర్తు ఉంటుంది కాబట్టి మైకు మీద పెట్టేది తగ్గించి, సొంతూరు కాని ఊళ్లలో ఎక్కువ రోజులు గడపాలి. సొంతూరు ఎటూ తెలిసిందే. జనం నొచ్చుకునేది "మా ఊరికి ఒక్కసారీ రాలేదు" అన్న దగ్గరే.

నగరంలో డివిజన్‌కు నిలబడితే కథ వేరు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపుతాడు, పైకి వెళ్తే తలుపు తీయరు. 2020 డిసెంబర్ జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో పోలింగ్ 46 శాతం చుట్టూ ఆగింది. సగానికి పైగా ఇళ్లు కదలని చోట, అవతలివాళ్ల మనసు మార్చడం కన్నా మీవాళ్లను మంచం దింపడం మేలు. బస్తీల్లో ఇంటింటికీ తిరగండి, అపార్ట్‌మెంట్లలో అసోసియేషన్ వాళ్లతో ఆదివారం పొద్దున కిందే అరగంట అడగండి.

ఎమ్మెల్యే అభ్యర్థి రోడ్ షో, సభ తప్పించుకోలేరు, కార్యకర్తలు ఒప్పుకోరు. కానీ ఒక్కో బూత్‌లో వెయ్యి చిల్లర ఓట్లకు జాబితా పట్టుకున్న ఇద్దరు లేకపోతే ఆ సభలన్నీ గాలిలో దీపాలే. ఏడాది ముందు నుంచే ఆ ఇద్దరిని వెతకడం మొదలుపెట్టాలి.

అమెరికా నుంచో గల్ఫ్ నుంచో రెండు వారాల సెలవు పెట్టి సాయం చేద్దామని వచ్చేవాళ్లకు: ర్యాలీలో ముందు వరసలో నిలబడి ఫొటో దిగడం ఒక పూటతో కానివ్వండి. మిగతా రోజులు మీతో చదువుకున్నవాళ్ల ఇళ్లకు వెళ్లండి. వాళ్లమ్మానాన్నలు మీ మాట వింటారు, మీ కండువా మాట వినరు.

మా చిన్నాన్న మూడో రోజు నుంచి ట్రాక్టర్లు ఆపేశారు. ఆ సాయంత్రమే మళ్లీ కాలనీ చివరింటికి వెళ్లాం. ముసలావిడ దీపం పెట్టి గుమ్మంలోనే కూర్చుని ఉంది. గుర్తు బొమ్మ చూపించబోతే చేత్తో పక్కకు నెట్టి, "తెలుసులే, మైకులో విన్నా. మా మనవడి పేరు రేషన్ కార్డులో ఎక్కలేదు, ముందది రాసుకో" అంది. నోటుబుక్కు వెనక పేజీలో రాసుకున్నాను.